పాలు మాన్పించిన ఎండాకాలం

మా అత్త మాట వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆమె చెప్పింది లోకంలో లేని మాటేమీ కాదు. మా వైపు బిడ్డకు పాలు మాన్పించాలంటే ముందు రొమ్ముకు వేపాకు నూరి పూస్తారు. దానికీ లొంగకపోతే అవ్వ ఇంట్లో వారం రోజులు వదిలేస్తారు. తల్లి కంటికి కనబడకపోతే బిడ్డ పాలు మరిచిపోతుంది, ఇటు తల్లికీ ఇంకిపోతాయి. నన్నూ అట్లాగే మాన్పించారట, మా అమ్మనూ అట్లాగే.

నా కూతురు వేపాకుకు లొంగే రకం కాదు. ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాలో కూర్చుని నేను జాకెట్లు కుడుతుంటే, వచ్చి ఒళ్ళోకెక్కి, నేను పూసుకున్న చేదునంతా తన గౌనుతో శుభ్రంగా తుడిచి, దర్జాగా తాగేది. దొంగముండకు అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో! రెండో ఏడు నిండబోతోంది. పెళ్ళిళ్ల కాలం, నాకు ఊపిరాడని పని.

"ఇది ఇట్ల మానేది కాదు మే," అంది మా అత్త. "మీ అమ్మ కాడ ఇడిసిపెట్టి రా. నీ వాసన తగలకుంటే అదే మర్చిపోతాది."

మా అమ్మవాళ్ళది పులివెందుల దగ్గర, వేముల పక్కన ఒక పల్లె. గొర్రెలూ మేకలూ, కొంచెం సేద్యమూ. నేనూ మా ఆయనా బిడ్డను బండి మీద తీసుకుపోయాం. అది మేకపిల్లలతో ఆడి ఆడి, మధ్యాహ్నం మా అమ్మ పక్కన పడి నిద్రపోయింది. నాకు కాళ్ళు కదల్లేదు.

"ఇప్పుడే పోమ్మే, నిద్రబోతాంది," అంది అమ్మ. "చెప్పి పోయినావంటే గుండె పగిలేట్టు ఏడుస్తాది. వారమెంతలో అయిపోతాది?"

సరేనని వచ్చేశాను. ఆ వారం తిరగకముందే లాక్‌డౌన్ పెట్టారు.

మొదట ఒక్కరోజే అన్నారు, తర్వాత మూడు వారాలన్నారు, ఆ తర్వాత అనడం కూడా మానేశారు. బస్సులు ఆగిపోయాయి. మా వీధిలో ఎవరికో జబ్బు బయటపడిందని రెండు కొనలా దారికి అడ్డంగా కట్టెలు కట్టేశారు. మా ఆయన నగల పని చేస్తాడు. అంగళ్ళు మూసేశారు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. నా ఏడుపు చూడలేక ఒక పొద్దున, బిడ్డను తెస్తానని సందుల్లో పడి బండి మీద పోయాడు. ఎర్రగుంట్ల చేరకముందే ఒక పోలీసాయన ఆపాడు.

"మా పాప ఆడుంది సార్. పాలు తాగే పిల్ల," అన్నాడట ఈయన.

"పాలు తాగే పిల్లయితే తల్లి కాడ ఉండల్ల గదా! ఆడేం చేస్తాంది?" అని లాఠీ తీశాడట ఆయన.

మా ఆయన తొడ మీద వాతతో తిరిగొచ్చాడు. ఆ పోలీసాయన మాట మాత్రం నాకు తగిలింది. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

ఇటు నా రొమ్ములు రాయిలాగా గట్టిపడ్డాయి. పాలు ఇంకాలంటే రొమ్ము మీద మల్లెపూలు కట్టుకోమంటారు. ఎండాకాలంలో ప్రొద్దుటూరులో మల్లెపూలకు కరువా? ఆ ఏడు కరువే, పూలంగళ్ళు కూడా మూసేశారు. చలిజ్వరం పట్టుకుంది. రోజూ వలంటీరు అమ్మాయి గడప అవతల నిలబడి, "ఇంట్లో ఎవరికన్నా జరముందా అక్కా?" అని అడిగేది. పళ్ళు కటకటా కొట్టుకుంటుంటే దుప్పట్లోనుంచే "ఎవరికీ లేదు" అని అరిచేదాన్ని. ఉందంటే నన్నెక్కడికో తీసుకుపోతారు, ఇక బిడ్డ నాకెప్పటికి దక్కేది? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

గోడకు ఒరిగి కూర్చుని పాలు గ్లాసులోకి పిండి, ఎవరూ తొక్కకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పోసేదాన్ని. బిడ్డ కడుపులో పడాల్సినవి చెట్టుకు పోస్తున్నానే అని ఏడ్చేదాన్ని. నా పక్కన మా అత్త కూడా కూర్చుని ఏడ్చేది. "నా నోరు పడిపోను! యా గడియలో చెప్పినానో!" అని తలకొట్టుకునేది. ఇక తిట్టుకోవడానికి కూడా నాకు మనిషి మిగల్లేదు.

మొదట్లో, అమ్మ దగ్గరే ఉండే మా తమ్ముడి ఫోనులో రోజూ మొహాలు చూసుకునేవాళ్ళం. నేను కనబడగానే బిడ్డ వచ్చి ఫోనుకు నోరు పెట్టేది. ఏమీ రాకపోయేసరికి ఒకటే ఏడుపు. ఆ పూటంతా మెతుకు ముట్టేది కాదట. చిక్కి సగమైందట.

"కొన్నాళ్ళు నువ్వు కనబడొద్దు మే," అంది అమ్మ ఒకరోజు. "నిన్ను చూసినప్పుడల్లా మళ్ళా మొదటికొస్తాంది. శానా తిప్పలు పడతాంది పిల్ల."

ఏం చేయను? బిడ్డ తినాలి కదా. అప్పట్నుంచి అమ్మతో ఉత్త మాటలే. బిడ్డ తిండిలో పడిందని చెప్పేది. మేకపాలు తాగుతోందట, పొట్టేలు వెంట పరిగెత్తుతోందట, కొత్త మాటలు వస్తున్నాయట. ఒకరోజు అమ్మ మాట్లాడుతుంటే వెనకనుంచి "అమ్మా, అమ్మా" అని సన్నగా వినబడింది. నా ప్రాణం లేచొచ్చింది.

"నన్నేనామ్మా పిలుస్తాండేది?" అన్నాను.

"నన్ను మే," అంది అమ్మ. "మీ తమ్ముడు నన్ను అమ్మా అంటాంటే అదీ పట్టుకునింది. నేను అవ్వనే అని చెప్తానే ఉండా."

పోనీలే అని నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వలేదు.

వానలు మొదలయ్యాక దారులు తెరిచారు. మా వీధిలో కట్టెలు విప్పిన రోజే బయల్దేరాం. నా పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. పోతే పోయాయి, బిడ్డ ముఖం చూస్తే చాలనుకున్నాను.

వాకిట్లో బిడ్డ మా అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నల్లబడింది, పొడుగైంది. "బంగారూ!" అని చేతులు చాచాను. అమ్మ చీర వెనక్కి దూరిపోయింది. నా మాస్కు చూసి భయపడిందేమోనని పీకి పారేశాను. అయినా రాలేదు. "మీ అమ్మ వచ్చింది సూడు, పో" అని మా అమ్మ ముందుకు తోస్తే, ఆమె మోకాలు కరుచుకుని గుక్కపట్టి ఏడ్చింది. మా అమ్మా ఏడ్చింది. ఇద్దరినీ విడదీసి, బిడ్డను ఎత్తుకుని బండెక్కాను. ఎర్రగుంట్ల దాకా కాళ్ళు తన్నుకుంటూనే ఉంది.

మా అత్త గడపలోనే దిష్టి తీసింది. లోపలికి పోయి, పాలు లేకపోయినా ఒళ్ళో పెట్టుకుని రొమ్ము అందించాను. సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుంది.

తర్వాత రోజుల్లో అది ఏ గొడవా చేయలేదు. నాకు అదే భయమేసింది. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. ఒక మధ్యాహ్నం కుడుతూ కుడుతూ తలెత్తితే పక్కన నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"అత్తా, నీల్లు," అంది.

ఇంటికొచ్చిన కొత్త ఆడమనిషిని పిలవమని మా అమ్మ పిల్లలకు నేర్పే పిలుపు అది. ఎవరే నీకు అత్త అని అరవాలనిపించింది. లేచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. ఒక్క చుక్క కింద పడకుండా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, పోయి గడప దగ్గర కూర్చుంది, వాళ్ళమ్మ వస్తుందని.