తేనెలో చెరకు జాడ

ఏళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే నాలుగైదు కిలోల పంచదారకు మించదు. నవ్వకండి. నాకూ నవ్వొస్తుంది, ఆ తర్వాత రాదు.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. కొబ్బరి తోటల్లో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవాళ్లం కొందరం సంఘంగా కలిశాం. అందరి తేనె ఒకే డ్రమ్ములో పోసి రాజమండ్రి వ్యాపారికి అమ్ముతాం. వానల్లో పువ్వులు దొరకవు కనుక ఈగలకు పంచదార పాకం పెడతాం. పూత మొదలవగానే ఆపెయ్యాలి. అది మా కట్టుబాటు.

నేను ఆపలేదు.

ఎందుకని? మా సంఘంలోనే ఉన్న సత్యవతి గారి పెట్టెలు నా వాటికన్నా ఎక్కువ తేనె ఇస్తున్నాయి, అందుకని. లైబ్రరీలో తేనెటీగల పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి, ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా ఊరందరిచేతా ‘మాస్టారు’ అనిపించుకున్నవాణ్ణి, నేను వెనకబడితే ఏం బావుంటుంది? డబ్బు కోసమైనా కాదు. ఉత్త గొప్ప కోసం.

వ్యాపారి పరీక్ష చేయించాడు. తేనెలో చెరకు చక్కెర ఉందని డ్రమ్ము వెనక్కి పంపాడు. అందరూ నా వైపు చూశారు. అనుమానంతో కాదు, అదెలా తెలిసిందో చెప్పమని.

చెప్పాను. ఎంత బాగా చెప్పానో! గాలిలోని కార్బన్‌లో కాస్త బరువైన రకం కొద్దిగా ఉంటుంది. కొబ్బరి, మునగ, నువ్వు లాంటివి దాన్ని కొంతవరకు వదిలేస్తాయి. చెరకు మొక్క చక్కెర చేసుకునే దారి వేరు, అది అంతగా వదలదు. ఒక్క చక్కెర అణువులో కూడా ఆ బరువు రకం అన్నిచోట్లా సమానంగా ఉండదు. మొక్క ఏ కార్బన్‌ను ఏ మెట్టు మీద అతికించిందో దాన్నిబట్టి హెచ్చుతగ్గులుంటాయి. ఈగ కడుపులోకి వెళ్లొచ్చినా చెరకు జాడ పోదు.

“మరి మన తేనెలోకి చెరకెలా వచ్చిందండి?” అన్నారెవరో.

అప్పుడు ఒప్పుకుని ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ సత్యవతి గారి తోట గేటు పక్కన చెరకు రసం బండి ఉంటుందని గుర్తొచ్చింది.

“ఈగలకు పువ్వయినా ఒకటే, రసమయినా ఒకటే కదండీ,” అన్నాను ఆవిడ వైపు చూస్తూ.

ఆవిడ పకపకా నవ్వారు. “అయితే మావి రోజూ బండి దగ్గర తాగొస్తున్నాయంటారా మాస్టారూ? అదీ డబ్బులివ్వకుండా!”

“కార్బన్ అబద్ధం చెప్పదండి.”

“మీరు చెప్పాక ఇంకేముందండి. నా తేనె వేరుగా పెట్టేసుకుంటాలెండి. నా వల్ల అందరికీ మాటెందుకు?”

అప్పటినుంచి ఆవిడ తన సీసాలు రోడ్డు పక్కన బల్ల మీదే పెట్టి అమ్ముకుంటున్నారు. ‘రసం తేనె’ అని కుర్రాళ్లు ఏడిపిస్తే ఆవిడా నవ్వేస్తారు. నా తేనె మాత్రం దర్జాగా డ్రమ్ములోకి వెళుతోంది. మరుసటి ఏడు పూత రాగానే పాకం ఆపేశాను, పరీక్షలో ఏ తేడా రాలేదు. అది ఆవిడ తప్పుకున్నందువల్లేనని అందరూ అనుకున్నారు. ఆ మాట విని కూడా నేను టీ తాగాను. ఎలా తాగగలిగాను?

ఈ శుక్రవారం సంఘం కూర్చుంటుంది. ఆవిణ్ణి కూడా రమ్మన్నాను. అక్కడ తడబడతానేమోనని ముందు మీ దగ్గర అని చూసుకుంటున్నాను. ఆవిడ తిడతారో, ఈసారీ నవ్వుతారో తెలియదు. నవ్వితేనే నాకు ఎక్కువ కష్టం.

సత్యవతి గారూ, ఆ చెరకు మీ ఈగలు తెచ్చింది కాదండి. నేను పోసింది.

అమ్మయ్య. వాక్యం పూర్తయింది.