రెండు పేర్ల నడుమ ఖాళీ

నిన్న ఎవరో గుమ్మంలో పెండ్లిపత్రిక ఇచ్చి వెళ్లారు. తడి ఆరని పసుపు వేళ్లకంటింది, దాని వెంటే అచ్చుసిరా వాసన. అంతే, పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లలో ఒకప్పుడు నా చేయి పడని పెండ్లిపత్రిక లేదు. సరే, ఒప్పుకుంటాను: నేను పనిచేసింది సూర్యాపేటలో ఒకే ఒక్క డీటీపీ సెంటర్లో. మిగతా రెండు ఊళ్లకు నా పత్రికలు చుట్టాల సంచుల్లో వెళ్లేవి.

ఆ సెంటర్ సుజాత మేడంది. వయసులో నాకన్నా చిన్నది. సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సు మూతపడి, ముసలితనం ముంగిట మౌసు పట్టుకున్న నాకు ఆమే పని నేర్పింది. వరుసను ఎడమకు నెట్టాలన్నా, కుడికి నెట్టాలన్నా, నడిమికి తేవాలన్నా ఒక్క నొక్కుడు. "జరుపుడు అల్కగనే ఉంటది అన్నా. జరిపినంక ఎవలి పక్కకు ఎవలొచ్చిన్రో సూస్కో" అనేది. నేను తల ఊపేవాణ్ని, చూసేవాణ్ని కాదు.

ఒకసారి మోతె నుంచి లక్ష్మమ్మ అనే ఆమె వచ్చి కూతురి పత్రిక వేయించుకుంది. ఎడమ పక్క పెండ్లికూతురి తండ్రి వెంకన్న. గుండె ఆపరేషన్ అయి అప్పుడే దవాఖాన నుంచి ఇల్లు చేరాడు. కుడి పక్క పెండ్లికొడుకు తండ్రి రాములు. ఆయన లేరు గనుక పేరు ముందు ‘కీర్తిశేషులు’. రెండు పేర్లూ ఒకే వరుసలో. అంచులు సమంగా రావాలని ఆ వరుసను రెండు వైపులా సాగదీశాను. మాటల మధ్య ఖాళీలన్నీ సమానమైపోయాయి. ‘కీర్తిశేషులు’ వెళ్లి ఇద్దరికీ సరిగ్గా నడుమ నిలబడింది. ఎంత ముచ్చటగా కుదిరిందో అనుకున్నాను కూడా.

లక్ష్మమ్మ కట్టలు తీసుకుని బస్సెక్కాక, బల్ల మీద మిగిలిన ఒక పత్రిక నా కంట పడింది. వెంటనే మేడాన్ని స్కూటర్ ఎక్కించుకుని మోతెకు ఉరికించాను. దారి పొడవునా ఒకటే భయం. వెంకన్న దాన్ని చేతిలోకి తీసుకుని ఉంటే? ఆ గుండె తట్టుకుంటుందా?

నడింట్లో లక్ష్మమ్మ కట్ట విప్పుకొని కూర్చుంది. పసుపు గిన్నె ముట్టలేదు. ఆ మాట మీద వేలు పెట్టి అడిగింది.

"గిది ఎవలది?"

"మీ ఇంటాయనది గాదు వదినె. మా తప్పు" అంది మేడం. "ఆయన సూసిండా?"

"పండుకున్నడు. సూడలే."

నేను పక్కనే నిలబడి చెమట తుడుచుకున్నాను. మేడం తప్పును కంప్యూటర్ మీదికి నెట్టలేదు, నా మీదికీ నెట్టలేదు. కట్టలన్నీ వెనక్కి తీసుకుని, కొత్తవి మర్నాడు తానే తెచ్చిస్తానని చెప్పి లేచింది.

ఇప్పుడా సెంటర్ లేదు. నాకు చూపు ఆనదు. అయినా ఏ పత్రిక వచ్చినా దాన్ని కండ్లకు దగ్గరగా పట్టుకుని, ముందు పేర్ల నడుమ ఖాళీలే వెతుకుతాను, ఎవరి మాట ఎవరి పక్కన పడిందోనని. ఇదంతా రాసి మేడానికి ఫోన్లో చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నది.

"పత్రిక సూసింది నేను. బండి తోలింది నేను. నువ్వు ఆ ఇంట్ల అడుగే వెట్టలే అన్నా. గేటు కాడ బండి వట్టుకొని నిలబడ్డవ్."