పక్క సీటు కోసం నాలుగు కొత్త టైర్లు: వానలో ధర్మసాగర్, స్టేషన్ ఘన్‌పూర్

నా కారుకు రెండే సీట్లు. ఒకటి నాది, రెండోది మా సారుది. ఆ రెండో సీటు ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది కాబట్టే ఈ ప్రయాణం. నేను హనుమకొండలో పళ్ల డాక్టర్ని. నలభై ఏడేళ్ల వయసులో, చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటుండగా, హైదరాబాద్‌లో ఒకాయన వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొన్నాను. నీలం రంగు, నేలకు జానెడెత్తు. ఎక్కాలంటే ముందు కూలబడి, తర్వాత కాళ్లు లోపలికి లాక్కోవాలి. మా ఆయన ప్రభాకర్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఊరంతా సారు అంటుంది కాబట్టి నేనూ సారు అనే అంటాను. కారు కొన్న కొత్తలో ఆదివారం వస్తే చాలు, లక్నవరమో రామప్పో బయల్దేరేవాళ్లం. నాకు నడపడం సరదా, ఆయనకు మాట్లాడటం సరదా. ఇద్దరి సరదా ఒకేసారి తీరేది.

రెండేళ్ల కిందట ఆయనకు వినికిడి తగ్గింది. చెవి మిషన్ పెట్టించుకున్నారు. ఇంట్లోనూ క్లాసులోనూ ఏ ఇబ్బందీ లేదు. కారులో మాత్రం టైర్ల హోరును ఆ మిషన్ ఇంకా పెద్దది చేసి చెవిలో పోస్తుంది. పిండి గిర్నీలో కూర్చున్నట్టు ఉంటుందట. అందుకని కారెక్కగానే మిషన్ తీసి జేబులో వేసుకునేవారు. ఇక నేనేమన్నా ఆయనకు వినబడదు, ఆయనా ఏమీ అనరు. పోయిన నెల లక్నవరం వెళ్లొస్తే, దారి పొడవునా మాటల్లేవు. పైగా ములుగు దాటాక రోడ్డు మీద నిలిచిన నీళ్లలో కారు జర్రున జారింది. స్టీరింగ్ చేతిలో తేలిపోయింది. ఏమీ కాలేదు గానీ, ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ ఆయన నెమ్మదిగా అన్నారు, "ఇగ నువ్వు పోయిరా సునీతా. నన్ను పిలువకు."

కోపంగా అని ఉంటే గొడవపడేదాన్ని. మామూలుగా అన్నారు, అందుకే భయమేసింది. ఒక్కదాన్నే తిరగడానికి కాదు కదా నేను కారు కొన్నది. అమ్మితే తీసుకుంటానని హైదరాబాద్ నుంచి ఒకతను ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. సోమవారం చెబుతానన్నాను. ఆదివారం టైర్లు మార్చి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని వానలో తిరిగి రావాలి. అప్పటికీ ఆ మిషన్ జేబులోకే పోతే కారు అమ్మేయాలి. ఈ షరతు నాకు నేను పెట్టుకున్నదే, ఆయనకు చెప్పలేదు.

ములుగు రోడ్డులో యాకూబ్ భాయ్ టైర్ల షాపు ఆదివారం కూడా తొమ్మిదికల్లా తెరిచి ఉంటుంది. నా కారుకు ముందు చక్రాలకో సైజు, వెనక చక్రాలకో సైజు. ఇక్కడ ఎవరి దగ్గరా నిల్వ ఉండదు. బుధవారమే ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి రెండు రకాలు తెప్పించి పెట్టాడు. మీదీ ఇలాంటి బండే అయితే నాలుగు రోజుల ముందే చెప్పుకోవడం మంచిది. కొత్త టైర్లతో ఈ ఒక్కసారి రమ్మని బతిమాలితే సారు సరేనన్నారు. మేం వెళ్లగానే భాయ్ నన్ను దాటుకుని నేరుగా మా సారు దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఇది జూడుండ్రి. రేసు కార్లకు ఏసే రకం. బండికి మస్తు షోకస్తది."

"నన్నడుగుతవేంది భాయ్? నేను పక్కకు కూసునేటోన్ని. నడిపేది డాక్టరమ్మ," అన్నారు సారు.

భాయ్ నవ్వేసి నా వైపు తిరిగాడు. నిజం చెప్పొద్దూ, ఆ రేసు రకం చూడగానే నా మనసు దాని మీదే పడింది. వెడల్పాటి రబ్బరు దిమ్మెలు, పక్కన ఎర్ర గీత, మంచి గీరగా ఉంది. రెండోది సాదాసీదాగా స్కూలు వ్యాను టైరులా ఉంది. కానీ ఇరవై ఏళ్లుగా జనం నోళ్లలోకి చూసేదాన్ని, నాకు ముందు సందులే కనిపిస్తాయి. రేసు రకానికి దిమ్మెల మధ్య సందులు తక్కువ. పొడి రోడ్డు మీద పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ నీళ్లు బయటికి పోవడానికి దారేది? అంతంత దిమ్మెలు రోడ్డును కొడుతుంటే హోరు రాక ఏమవుతుంది? రెండోదానికి చుట్టూ నాలుగు లోతైన గాడులు, వాటి నుంచి పక్కలకు సన్నటి చీలికలు ఉన్నాయి. దిమ్మెలు చిన్నవి. లోపలికి చెయ్యి పెడితే మెత్తటి స్పాంజి పట్టీ తగిలింది, చప్పుడును మింగడానికి. మీద అతికించిన స్టిక్కర్‌లో తడి రోడ్డు మీద పట్టుకు మొదటి శ్రేణి ఇచ్చారు, చప్పుడు అంకె కూడా రేసు రకం కన్నా తక్కువే.

"గిది ఎక్కువ దినాలు రాదు మేడం," అన్నాడు భాయ్, నేను దాని దగ్గరే నిలబడటం చూసి. "రబ్బరు మెత్తగుంటది. నీళ్లల్ల మంచిగ పట్టుకుంటది గని జల్ది అరుగుతది. పంక్చరైతె ఆ స్పాంజి పీకి ప్యాచేసుడు జర పరేషాన్. ఎనక నన్ను తిట్టొద్దు."

"తిట్టను. చప్పుడు సంగతి చెప్పు."

"మస్తు తక్కువ. అసలే ఉండదని మాత్రం చెప్ప. రోడ్డును బట్టి ఉంటది."

అసలే ఉండదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. టైరు పక్కన తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చూసుకున్నాను, ఈ ఏడాదివే. ఎర్ర గీత వైపు చివరిసారి ఒక చూపు చూసి, రెండోదానికే తలూపాను. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి నాలుగింటికీ యాభై వేల పైమాటే అయింది. పని గంటన్నరలో అయిపోయింది. చివర్లో భాయ్ గల్లాపెట్టె పక్కనున్న గిన్నెలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి తనే చక్రాల కింద పెట్టాడు. వాటిని చిదుముకుంటూ కారు రోడ్డెక్కింది. "కొత్త రబ్బరు మీద నున్నటి పూత ఉంటది మేడం. అది అరిగే దాక జర మెల్లగ పోండ్రి, ఉరికియ్యకుండ్రి," అని వెనక నుంచి కేకేశాడు.

నేను వేసుకున్న దారి ఇది: కాజీపేట, మడికొండ మీదుగా ధర్మసాగర్, అక్కడి నుంచి లోపలి ఊళ్ల రోడ్లలో స్టేషన్ ఘన్‌పూర్, తిరిగి హైవే మీద ఇల్లు. తారు, సిమెంటు, గుంతలు, హైవే అన్నీ తగులుతాయి, టైర్లను చూడటానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఎక్కడా ఆగకపోతే రెండు గంటల్లో తిరిగి రావచ్చు. నేను అడిగితే సారు మిషన్ చెవిలోనే ఉంచుకున్నారు. ధర్మసాగర్ కట్ట దగ్గర కారాపి, నిండుగా ఉన్న చెరువును చూస్తూ కాసేపు నిలబడ్డాం. "ఎట్లున్నది?" అన్నాను. "మంచిగనే ఉన్నది," అన్నారు. మా ఇంట్లో ఉప్మా గురించి కూడా ఆయన అదే గొంతుతో అదే మాట అంటారు. నాకేమీ తేలలేదు.

ధర్మసాగర్ దాటి కాస్త దూరం వెళ్లామో లేదో వాన మొదలైంది. అక్టోబరు మొదటి వారం, మక్కజొన్న కోసే రోజులు. ఒక ఊరి దగ్గర సగం రోడ్డు మీద మక్కలు ఎండబోసి ఉన్నాయి. వాటిని కాపాడుకోవడానికి ఒకామె నడుం వంచి, వీపు మాకు పెట్టి, ప్లాస్టిక్ పరదాను రెండు చేతులా లాగుతోంది. ఇంకో అడుగు వెనక్కి వేస్తే మా దారిలోకే వస్తుంది. పాత టైర్లయితే ఊరి మొదట్లోనే మా రాక తెలిసేది. ఇప్పుడు ఆమెకు మేం వస్తున్నట్టే తెలియదు. మెల్లగానే వస్తున్నాను కాబట్టి, బ్రేకు తొక్కగానే తడి సిమెంటు మీద కారు వంకర పోకుండా, మక్కలకు ఇవతలే నిలబడిపోయింది. అప్పుడు గానీ హారన్ కొట్టాలని నాకు తోచలేదు. ఆ మోతకు ఆమె ఎగిరిపడింది.

"ఓ బిడ్డా! గిట్ల చప్పుడు లేకుంట అస్తరా? నా పానం పోయినంత పనాయె!"

"తప్పయింది అవ్వా," అన్నాను కిటికీ దించి.

"తప్పు సంగతి తర్వాత. దిగుండ్రి, కొస వట్టుండ్రి. తడిస్తె ఎవ్వలు కొంటరు ఈ మక్కలు?"

సారు చెవి మిషన్ తీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, నాకన్నా ముందే దిగారు. నీళ్లు పడితే అది పాడవుతుంది. ముగ్గురం కలిసి పరదా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. అవ్వ మా సారును ఆయన తన విద్యార్థుల్ని ఆడించినట్టే ఆడించింది: "అటు గుంజు, ఇటు కాదు, నీకు చెప్పేది ఇనవడ్తదా?" ఆయనకు నిజంగానే వినబడలేదు, నవ్వుతూ తప్పు కొసే గుంజారు. మేం వెళ్తుంటే చెరో రెండు మక్కకంకులు చేతిలో పెట్టింది.

స్టేషన్ ఘన్‌పూర్ చేరేసరికి తడిసి ముద్దయ్యాం. బస్టాండ్ దగ్గర ఒక బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్నారు, ప్లేటు ముప్పై. "నిమ్మకాయ విండనా, ఉల్లిగడ్డ ఏయనా?" అంది బండి ఆమె. రెండూ అన్నాను. డబ్బులిచ్చి చిల్లర తీసుకొచ్చేసరికి సారు కారెక్కి, తువ్వాలు తలకూ చెవులకూ కప్పుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మిషన్ చెవిలో ఉందో జేబులోనే ఉందో తెలియదు. అడగడానికి నాకు నోరు రాలేదు. జేబులోనే ఉందంటే కారు అమ్మాలి కదా.

హైవే ఎక్కాం. వాన జోరుగా ఉంది. అక్కడక్కడా నిలిచిన నీళ్లను టైర్లు చీల్చుకుంటూ పోతున్నాయి, స్టీరింగ్ గట్టిగా చేతిలోనే ఉంది. లోపల వానదీ వైపర్లదీ తప్ప వేరే చప్పుడు లేదు. సారు మాత్రం ఉలకరు, పలకరు. తువ్వాలు వైపు ఒక చూపు చూసి, పళ్ల సందున గొణుక్కున్నాను, "ఇంత జేసిన, ఇంత తిరిగిన, ఒక్క మాటన్న లేకపాయె. ముద్దపప్పు లెక్క కూసున్నడు."

తువ్వాలు కదలలేదు. కిటికీ వైపు నుంచే జవాబు వచ్చింది. "ముద్దపప్పుకు అన్నీ ఇనవడ్తానయి."

కారు పక్కకు తీసి ఆపేశాను. ఆయన తువ్వాలు తీశారు. మిషన్ చెవిలోనే ఉంది.

"ఎప్పుడు వెట్టుకున్నరు?"

"బజ్జీల కాడ. చెవి తుడుసుకోని."

"మరి మాట్లాడరేంది?"

"వాన చప్పుడు ఇంటాన సునీతా. కార్ల కూసోని వాన ఇని రెండేండ్లాయె."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన ఆ తడి తువ్వాలే అందించి, ఇక మొదలుపెట్టారు. అవ్వ ఎట్లా తిట్టి ఉంటుందో నాకు నటించి చూపించారు. ఇంటర్ పిల్లల జవాబులు చెప్పారు. వైస్ ప్రిన్సిపాల్ గురించి రెండేళ్లుగా దాచుకున్నవన్నీ చెప్పారు. కాజీపేట వచ్చేసరికి, ఇంకాస్త చప్పుడు చేసే టైర్లు కొనాల్సిందేమో అని కూడా అనిపించింది.

హైదరాబాద్ అతనికి సోమవారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఫోన్ చేసి, కారు అమ్మడం లేదని చెప్పాను. స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎంచేటప్పుడు అందరూ నడిపేవాళ్ల గురించే రాస్తారు, ఎంత పట్టు, ఎంత వేగం అని. మేమిద్దరం ఆ దారిలో సంపాదించింది వేగం కాదు. నాకు మళ్లీ పక్కన ఒక మనిషి దొరికారు. ఆ టైర్లు తొందరగా అరిగిపోతాయని భాయ్ ముందే చెప్పాడు, అరగనీ, మళ్లీ అవే వేయిస్తాను. ఇదే దారిలో వచ్చేవాళ్లకు ఒక సలహా: కొత్త టైర్లు నిజంగా నిశ్శబ్దంగా ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే హైవే మీద మామూలు వేగంలో వెళ్తూ, పక్క సీటులో ఉన్న మనిషిని గొంతు పెంచకుండా ఒక తిట్టు తిట్టండి. జవాబు వస్తే మంచి టైర్లే కొన్నారు.