అతుకు చూడకుండా తిట్టకు

దగ్గరగా వచ్చి కూర్చోండి, మా అక్క మొగుడి సంగతి చెబుతాను. పొలాల్లో పంపుసెట్లు బాగుచేసేవాడు. ఏది చెడినా ముందు గొట్టాల అతుకులు వేలితో తడిమేవాడు.

మా బతుకంతా ఒక్క బాడుగ కారు మీదే. అందులో ఇంజనులో లోపముందని హెచ్చరించే దీపం వెలిగింది. రాజాంలో షెడ్డువాడు మిషను తగిలించి, "పొగ శుద్ధిచేసే కన్వర్టరు పోనాది, కొత్తది ఎయ్యాల" అన్నాడు. కారు అమ్మితే గాని అది రాదు. బావ అడ్డుపడితే, "పంపుసెట్టోడివి, కారు గురించి నీకేటి తెలుస్తాది?" అని నవ్వాడు. కారు కిందకి ఒక్కసారైనా వంగి చూశాడా వాడు? ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

బావ కారు ఇంటికి తెచ్చాడు. "ఒసే మరదలా, సబ్బునీళ్లు తే. అతుకు సూడకుండా మోటారుని తిట్టకూడదు."

చల్లటి ఇంజను స్టార్టు చేయించి పొగగొట్టం మీద నురగ పోశాడు. కన్వర్టరుకు ముందరి అతుకులో బుడగలు లేచాయి! పొగ కారే ఆ సందులోంచే బయటి గాలి కూడా చొరబడి, పొగను కొలిచే సెన్సారు చేత కన్వర్టరు పోయిందని అబద్ధం చెప్పిస్తోంది. ప్యాకింగు మార్చి బోల్టులు బిగించాడు. దీపం మాత్రం మిషను ఉన్న ఆ షెడ్డువాడి చేతే ఆర్పించాడు.

"రేపే మళ్లీ ఎలుగుతాది సూడు" అన్నాడు వాడు.

ఈనాటికీ వెలగలేదు.

మీ ఇంటి అతుకులు ఎన్నడూ గాలికి సందివ్వకుండా, మీరంతా చల్లగా ఉండాలి.