ఆర్థర్ అన్న దీర్ఘ ప్రార్థన

తొలకరి పడ్డాక యాప్రాల్ అవతలి గడ్డిలో మిణుగురు పురుగులను చూపిస్తానని సండే స్కూలు టీచరు దేవకృప పిల్లలను ఏడాదిగా ఊరిస్తోంది. వెలుగు పడితే అవి ఆరిపోతాయని, బాట దిగితే కాళ్ల కింద నలిగిపోతాయని ఆ రాత్రి బయల్దేరిన బస్సులోనే అందరికీ చెప్పింది. దిగీ దిగగానే సంఘపెద్ద ఆర్థర్ టార్చి వెలిగించాడు. ఆయన్ని చూసి మిగతా పెద్దలూ వెలిగించారు.

"ఆర్పండన్నా! బస్సుల ఏం చెప్పిన నేను?"

"పాము గిట్ల ఉంటే ఎట్లమ్మా? అయినా ఏవీ నీ పురుగులు?"

పిల్లలు మొహాలు వేలాడేశారు.

ఆదివారం ఈయన ప్రార్థన అయ్యేసరికి ఇంట్లో బిర్యానీ చల్లారిపోతుందని అందరికన్నా ఎక్కువ విసుక్కునేది దేవకృపే. ఇప్పుడు పళ్లు బిగబట్టి, "అన్నా, ముందు ప్రార్థన చెయ్యండి" అంది.

చేతులు జోడించడానికి అందరూ టార్చీలు ఆర్పి జేబుల్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. ఆర్థర్ నేరేడ్‌మెట్ నుంచి బోయిగూడ దాకా రోగులందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి బాట పక్క గడ్డి నిండా పచ్చటి చుక్కలు.

"అరే!" అంటూ ఆయన జేబు తడుముకున్నాడు.

"అన్నా, బోయినపల్లి రోగులు మిగిలిపోయిండ్రు!" దేవకృప ఆయన చెయ్యి పట్టుకుంది. "మళ్లీ షురూ చెయ్యండి."