ఇపోలో మా అత్త అన్నిటినీ మెచ్చుకుంది

మా అత్త అప్పలనరసమ్మ ఎదటివాళ్ళ వంటని మెచ్చుకోగా నా పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో నేను వినలేదు. చుట్టాల పెళ్ళిలో వెండిగిన్నెతో పాయసం ఇస్తే, ఒక్క చుక్క నాలిక్కి రాసుకుని, "పాపం, పాలు," అని గిన్నె పక్కన పెట్టేసిన మనిషి. అలాంటిది ఆర్నెల్ల కింద జ్వరంపడి లేచాక, పక్కింటావిడ పంపిన చల్లటి ఉప్మా తిని "బాగున్నాది లా" అంది. మాట చివర ఆ 'లా' తగిలించడం ఇక్కడి మలయ్ అలవాటు, దానికేం లేదు. ఆ 'బాగున్నాది' వినే నేను హడలిపోయాను.

జ్వరం పోతూ పోతూ ఆవిడ ముక్కునీ నోటినీ పట్టుకుపోయింది. వాసన లేదు, రుచి లేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంకొకళ్ళయితే ఎలాగో సరిపెట్టుకునేవాళ్ళు. మా అత్తకి కె.ఎల్. నగరంలో బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో ముప్ఫయ్యేళ్ళుగా అరిటాకు భోజనాల కొట్టుంది. ఒకరోజు చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. రోజూ వచ్చే టాక్సీ అతను సగం తిని, ఏమీ అనకుండా ఆకు మడిచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే కొట్టుకి తాళం వేసింది. పన్నెండేళ్ళుగా ఆవిడ పక్కన నిలబడి కూరలు తరిగిన సెల్వి అనే తమిళావిడ, "అమ్మా, మూసెయ్యడం దేనికి, నేను నడుపుతాను, నాకివ్వండి," అంది. శనివారం రాత్రికల్లా మాటిస్తానంది మా అత్త.

ఇక నాకు నిద్రపట్టలేదు. కొట్టు లేని మా అత్తని నేను ఊహించుకోలేను. అది నాకే ప్రమాదం, రోజంతా నా వంటింట్లోనే ఉంటుంది కదా! చిన్నప్పుడు ఇపో దగ్గర రబ్బరు తోటలో పెరిగింది ఆవిడ. బట్టలు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న కాఫీ కొట్లో రొట్టె పెట్టించేవాడని వందసార్లు చెప్పింది. ఆ పాత రుచులు తగిలితే నాలిక లేచి కూచుంటుందేమో అని నా ఆశ. శనివారం పొద్దున్నకి రెండు టికెట్లు కొనేశాను.

"నన్ను ఇపో తీసుకెల్లి ఏటి సేత్తావే? అక్కడేటి నాలికలు అతికిత్తారా?" అంది.

"అతికిస్తారు. పద," అన్నాను.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంటి నుంచి కె.ఎల్. సెంట్రల్ స్టేషన్‌కి నడక పది నిమిషాలు. ఏడింటి రైలు. మనిషికి నలభై రింగిట్ల చిల్లర. శని, ఆదివారాల్లో సీట్లు తొందరగా అయిపోతాయి, వెళ్ళేవాళ్ళు వారం ముందే కొనుక్కోండి. ఒక స్వెట్టర్ కూడా పట్టుకెళ్ళండి. ఆ ఏసీ మనుషుల కోసం పెట్టింది కాదు.

ఎదుటి సీట్లో సైబర్‌జయలో చదువుకుంటున్న ఇపో అమ్మాయి, సెలవుకి ఇంటికి పోతోంది. మా మాటలు విని నవ్వుకుంటోంది. తెలుగేనా అని అడిగితే తలూపి, "అర్థమవుతాది ఆంటీ, నోట్లోంచి రాదు," అని ఆ ఒక్క వాక్యం కూడబలుక్కుని, మిగిలిందంతా ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడెక్కడ తినాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. దిగేముందు మా అత్త దాని గడ్డం పట్టుకుని, "ఆ ఒక్క ముక్కా ఎంత సక్కగా సెప్పినావే," అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నేను మాత్రం, అమ్మో, మనుషుల్ని కూడా మెచ్చుకుంటోందే అని బెంగపడ్డాను.

తొమ్మిదిన్నర దాటాక ఇపోలో దిగాం. స్టేషనే రాజుగారి కోటలా తెల్లగా, గుమ్మటాలతో ఉంటుంది. అక్కణ్ణించి పాతపేటకి నడిచేపోవచ్చు. ముందు చైనావాళ్ళ కాఫీ కొట్టు. అందులో అలవాటు లేనివాళ్ళు తికమకపడేది ఒకటుంది. ముందు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూచోవాలి. కాఫీ, టీలు కొట్టు యజమానివి. తిండి మాత్రం లోపలే ఉన్న చిన్న చిన్న బళ్ళవాళ్ళది, ఎవరి దగ్గర చెప్పింది వాళ్ళకే డబ్బివ్వాలి. తెలియని రోజుల్లో నేను కాఫీ అతనితో నూడుల్స్ గురించి పోట్లాడినదాన్నే.

పాలరాతి బల్ల మీద రెండు తెల్ల కాఫీలు వచ్చాయి. తెల్ల కాఫీ అంటే పాలు ఎక్కువ పోసింది కాదు, గింజల్ని వెన్నలాంటి మార్గరిన్‌ వేసి లేతగా వేయించి చేసేది. చిక్కగా, కమ్మగా గొంతులోకి జారిపోతుంది. దాంతో కాయా రొట్టె. కాయా అంటే కొబ్బరిపాలూ గుడ్లూ పంచదారా కలిపి, వాసనకి పాండన్ ఆకు వేసి గంటలకొద్దీ కలియబెట్టిన ఆకుపచ్చ హల్వా లాంటిది. బొగ్గుల మీద కాల్చిన రొట్టె అని గోడమీద పెద్ద బోర్డు. నాకు రెండు ముక్కలు చాల్లేదు, ఇంకోటి చెప్పాను. అత్త వాళ్ళ నాన్నతో కూచున్న కొట్టు ఇదేనట. ఆవిడ నెమ్మదిగా నమిలింది.

"బాగున్నాది."

సరే, మొదటిదే కదా అనుకున్నాను.

అక్కణ్ణించి బుంతోంగ్ అనే పేటకి టాక్సీలో పది నిమిషాలు. అక్కడ తరాలుగా తమిళ కుటుంబాలు వేయించిన పప్పులూ జంతికలూ చేసి అమ్ముతున్నాయి. వీధి మొదట్లోకి రాగానే నూనె సెగ మొహానికి కొడుతుంది. చైనావాళ్ళ రొట్టెల దగ్గర మర్యాదకి మెచ్చుకుందనుకున్నా, జంతికలు మా అత్త సొంత రాజ్యం. వాటి విషయంలో కన్నతల్లికి కూడా మినహాయింపు లేదు. కొట్టావిడ కాగితం మీద చెరో జంతికా పెట్టింది. వాము ఎంత పడిందంటే నాకు దగ్గొచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మా అత్త చివరి ముక్కదాకా తిని, తమిళంలో, "చాలా బాగుందమ్మా," అని రెండు పొట్లాలు కొంది!

నాకు నీరసం వచ్చింది.

ఒంటిగంటకి భోజనం. రైల్లో అమ్మాయి రాసిచ్చిన కొట్టే, బయట అరగంట నిలబడితే బల్ల దొరికింది. ఇపో ప్రత్యేకం మొలకల కోడి. కోడిని ఊరికే నీళ్ళలో ఉడికించి, సోయా పులుసూ నువ్వులనూనే చల్లి పెడతారు. పక్కన పెసర మొలకలు, మన వేలంత లావు, కరకరలాడుతూ. చుట్టూ సున్నపురాతి కొండలున్నాయి కదా, ఆ నీళ్ళ మహిమ అంటారు ఇక్కడివాళ్ళు. మసాలా లేని కోడేమిటని మూతి ముడుచుకున్నదాన్ని, పళ్ళెం ఖాళీ చేసి మొలకలు మళ్ళీ తెప్పించాను. బల్ల పంచుకున్న చైనా పెద్దాయన నన్ను చూసి, "మొదటిసారి వచ్చినవాళ్ళందరూ ఇంతే, రెండు పళ్ళాలు," అన్నాడు మలయ్‌లో.

"కోడి బాగున్నాది. మొలకలూ బాగున్నాయి," అంది మా అత్త.

అంతే, నాకు ఒళ్ళు మండింది. "నీకు దణ్ణం పెడతాను, ఇంక మెచ్చుకోకు అత్తా! పొద్దుట్నించీ చూస్తున్నాను, నీకేమైనా తెలుస్తోందా లేదా?"

ఆవిడ మొలకని చాప్‌స్టిక్‌తో అటూ ఇటూ దొర్లించింది. "నోట్లో తడిగుడ్డ కుక్కినట్టుంటాది. ఏటి సెప్పమంటావు? ఇంత దూరం తీసుకొచ్చినావు. బాగున్నాదంటే నీ మనసు కుసింత నెమ్మదిస్తాదని అన్నాను."

నాకు సిగ్గేసింది. ఆవిణ్ణి బాగుచేద్దామని బయల్దేరి, ఆవిడ చేత నేనే ఓదార్పించుకుంటున్నాను. టీ తాగేసి లేచాను. బయటికి వచ్చాక ఆవిడే, "రేతిరి సెల్వికి సెప్పేస్తాను. అది మంచి పిల్ల, బాగా నడుపుతాది," అంది. నేను సరేనన్నాను.

రైలు అయిదున్నరకి. ఇంకా బోలెడు పొద్దుంది. కాగితంలో చివరిది కాఫీ గింజలు వేయించే పాత కొట్టు. మా ఆయనకి పొడి పట్టుకెళ్దామని అలా వెళ్ళాం. ముందు డబ్బాలు, తూకం, ఆ వెనక పొగ. డెబ్బై దాటిన చైనా ముసలాయన బనీనుతో, పెద్ద ఇనప పీపా పక్కన స్టూలు మీద కూచున్నాడు. పీపా గుండ్రంగా తిరుగుతోంది. ఆయన దానికేసి చూడటం లేదు, మొహం వీధివైపు తిప్పి, చెవి పీపాకి ఒప్పగించాడు.

మా అత్తకి అది నచ్చలేదు. "వాసన చూడకుండా వేగిందని ఎలా తెలుస్తుంది?" అని మలయ్‌లో నిలదీసింది.

ఆయన గట్టిగా నవ్వాడు. "వాసనా? ఈ పొగలో నా ముక్కు పోయి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదక్కా. కప్పులో పోశాక మా అమ్మాయి రుచి చూస్తుంది. వేయించడం మాత్రం నేనే. గింజ మాట్లాడుతుంది, విను."

మా అత్త కొంగు నడుముకి చుట్టి పీపా దగ్గరకి జరిగింది. లోపల గరగర. కాసేపటికి ఒకటీ అరా చిట్లిన చప్పుడు. తర్వాత చిటపటలు జోరందుకున్నాయి, మళ్ళీ మెల్లమెల్లగా సద్దుమణిగాయి. "ఇప్పుడు!" అని ఆవిడ చెయ్యెత్తడమూ, ఆయన పిడి లాగడమూ ఒక్కసారే జరిగాయి. గోధుమరంగు గింజలు జలజలా జల్లెడలోకి దూకాయి. ఆయన స్టూలు మీంచి లేచి మరీ చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావక్కా?"

"ఆవాలు," అంది మా అత్త. "ముప్ఫయ్యేళ్ళు పోపు పెట్టాను."

ఆయన తన స్టూలు ఆవిడకిచ్చాడు. తర్వాతి వాయి కూడా ఆవిడే చెప్పింది. నేను కాఫీ పొడి కొని, గుమ్మంలో నిలబడి టైము చూసుకుంటూనే ఉన్నాను. చివరికి చెయ్యి పట్టుకుని లాక్కురావలసి వచ్చింది. పరుగెత్తి పరుగెత్తి, రైలు తలుపులు మూసేలోపల ఎక్కాం.

కంపార్ స్టేషన్ దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూచుంది. తర్వాత ఉన్నట్టుండి, "ఆ రొట్టి బొగ్గుల మీద కాల్సింది కాదే," అంది.

"ఏ రొట్టె?"

"పొద్దుటిది. అంతా ఒకటే రంగు. బొగ్గుల మీదయితే అంచు నల్లబడతాది, నడుమ తెల్లగుంటాది. కరెంటు పెట్టి కాల్సి బోర్డు కట్టుకున్నాడు. ఆ జంతిక ఇరిస్తే టప్పుమనాల. మెత్తగా ఇరిగినాది, పిండి జారైపోనాది. కోడి అయితే మరీ అన్నాయం, ఎముక్కి మాంసం అంటుకోనేదు. అంతసేపు ఉడకబెడతారేటి?"

నేను నోరెళ్ళబెట్టాను. "మరి అన్నీ బాగున్నాయన్నావు!"

"రుసి తెలీకుండా వొంక పెట్టకూడదనుకున్నాను. ఆ ముసిలోడు ముక్కు నేకుండా యాపారం సేత్తన్నాడు. నాకు కళ్ళున్నాయి, సెవులున్నాయి, సెయ్యున్నాది." తన కుడిచేతిని కాసేపు చూసుకుంది. "తోటలో అమ్మోరి పండక్కి మా అమ్మ ఊరందరికీ పొంగలి వండీది. సామికి పెట్టకముందు ఎవులైనా నాలికన పెడితే సంపీసీది. తనూ సూసీది కాదు. ఉప్పు సేత్తోనే ఏసీది. అమ్మోరు ఒక్కసారైనా ఉప్పు సాలనేదన్నాదేటి?"

నైవేద్యం రుచి చూడకూడదని తెలియని తెలుగువాళ్ళుంటారా? ఆర్నెల్లుగా డాక్టర్ల చుట్టూ తిప్పాను గాని, నాకా ఆలోచనే రాలేదు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఈలోగా ఆవిడ సెల్వికి ఫోన్ కొట్టింది. కొట్టు ఇవ్వడం లేదంది. ఉప్పు చేత్తో తానే వేస్తాననీ, ఆఖర్న ఒక్క చుక్క సెల్వి చూడాలనీ, నోరెత్తి తప్పు చెప్పాలనీ, మొహమాటపడితే ఊరుకోననీ తమిళంలో గదమాయించింది. అవతల సెల్వి పెట్టిన కేక నాకూ వినిపించింది. కొట్టు చెయ్యిజారిందని ఏడుస్తుందేమో అనుకున్నాను. "అయితే సోమవారానికి చేపలు ఎన్ని చెప్పనమ్మా?" అని అడుగుతోంది.

ఇపో ఒక్కరోజులో హాయిగా తిరిగి రావచ్చు. నాకయితే ఆ కాఫీ, ఆ మొలకలు నోట్లో ఇంకా ఉన్నాయి. మా అత్త ఏమన్నా వినకండి, రొట్టె అద్భుతంగా ఉంది.

ఎనిమిదింటికి కె.ఎల్. సెంట్రల్ దీపాలు కనిపించాయి. సంచులు సర్దుతూ, సంతోషం పట్టలేక, "ఇంటికెళ్ళి వేడివేడిగా చారు పెడతాను అత్తా," అన్నాను.

"వద్దే," అంది కంగారుగా. "నాను పెడతాను. ఆర్నెల్లుగా నీ సారే తాగతన్నాను. ఆ రంగు సూస్తే తెలీదేటి? రుసి తెలీక బతికిపోనాను."