పదహారు మీద తీసిన ఫోటో

నా చిన్నప్పుడు గుత్తి పక్కనున్న మా ఊళ్ళో కెమెరా ఉన్న మనిషి ఒక్కడే, మా పక్కింటి మామ. వాళ్ళు సాయిబులు, మాది సేద్యం ఇల్లు. చుట్టరికం లేకపోయినా వరసలు కలిపి పిలుచుకునేవాళ్ళం. నేను సగం రోజు వాళ్ళింట్లోనే పడి ఉండేదాన్ని. ఆయన కెమెరాకున్న లెన్సు ఊడదీసి ఇంకోటి బిగిస్తుంటే నాకు చేతులు దురదపెట్టేవి. ముట్టుకోనిస్తేగా!

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ పైరు మాడిపోయింది, గొడ్లకు మేత లేదు. ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి మా ఎర్రావు కొట్టంలో లేదు. కుడికొమ్ము సగానికి విరిగిన ఆవు అది, నేను పెడితే తప్ప కుడితి తాగేది కాదు. ఏదని నాయన్ని అడిగాను.

"మీ అత్తోళ్ళ ఊర్లో గడ్డి ఉండాది, ఆడికి తోలినా. వాన పడినాక తెస్తాలే" అన్నాడు.

నాయన అబద్ధం చెప్తాడన్న ఊహే లేని వయసు. ఎప్పుడు మబ్బు పట్టినా ఎర్రావు వచ్చేస్తుందని వాకిట్లో నిలబడేదాన్ని.

ఆ రోజుల్లోనే మా ఊరి పెద్దలు గొడ్లకు గడ్డి కేంద్రం పెట్టమని కలెక్టరుకు అర్జీ రాశారు. దానికి జతచేయడానికి గొడ్ల సంతలో ఫోటోలు తియ్యమని మామకు చెప్పారు. నాలుగు రోజుల తర్వాత నేను వెళ్ళేసరికి ఆయన ఇంట్లో తీగకు ఒక ఫోటో ఆరుతోంది. ముందు ఒక ఎద్దు, దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వెనకంతా పొగ పట్టినట్టు ఉంది. అంత సంతలో జనమంతా ఏమయ్యారని అడిగాను.

మామ ఆ రోజు ఏ మూడ్‌లో ఉన్నాడో, లెన్సు ఊడదీసి నా చేతిలోనే పెట్టాడు. దాని మీది రింగు తిప్పితే టిక్కు టిక్కుమంటూ లోపలి రేకులు మూసుకుంటూ వచ్చాయి. రెండు అంకె మీద బొక్క రూపాయి బిళ్ళంత ఉంది. పదహారు మీదికి వచ్చేసరికి మెంతిగింజంతైంది. అంకె పెరిగితే బొక్క తగ్గడమేమిటో నాకు అర్థం కాలేదు.

"మీ అవ్వ సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కండ్లు చికిలిస్తాది గదా, అట్లనే" అన్నాడు మామ. "బొక్క పెద్దదైతే ముందరుండేదొకటే కనపడతాది. చిన్నదైతే ఎనకాలుండేదంతా కనపడతాది. వెలుతురు మాత్రం శానా కావల్ల. మన సీమలో దానికేం కరువుల్యా."

అట్లాగైతే పదహారు మీద తీసింది చూపించమన్నాను. అది సరిగా రాలేదులే అని మాట దాటేశాడు. ఇంతలో ఎవరో పిలిస్తే బయటికి పోయాడు. నాకు వద్దన్న పని చేయకపోతే అన్నం అరగదు. అర్జీ కాగితాల కింద ఉన్న కవరు తెరిచాను.

అదే ఎద్దు. కానీ వెనక పొగ లేదు. బక్కచిక్కిన ఆవులు, తలపాగాలు, దూరంగా కొండ కూడా గీత గీసినట్టు ఉన్నాయి. మధ్యలో గొడ్లను కొనుక్కుపోయే బేరగాళ్ళ లారీ. దానికి ఆనించిన పలక మీద ఎక్కిస్తున్న ఆవుకు కుడికొమ్ము సగమే ఉంది. ఎర్రావు! దాని వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నది మా నాయన.

ఆవు పోయిందన్న దుఃఖం కన్నా, నాయన నాతో అబద్ధం ఆడాడన్నదే గుండెలో పొడిచింది. ఆయన ఏడవగలడని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఫోటో చించి పారేయబోయాను. మామ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అర్జీతో పోయేది అదేనమ్మా, చించొద్దు. ఒక్క ఎద్దును చూపిస్తే, దాని యజమాని మేపలేదంటారు. కరువు కనపడల్లంటే అందరూ కనపడల్ల. మీ నాయన్ని అడిగే పంపుతాండా. 'నా ఏడుపు కలెక్టరు సూసినా పర్వాల్యా, నా బిడ్డ కంట మాత్రం పడనీయొద్దప్పా' అన్నాడు."

ఫోటో కవరులో పెట్టేసి, మొహం కడుక్కుని ఇంటికి పోయాను. రాత్రి అన్నం దగ్గర నాయన్ని ఎర్రావు బాగుందా అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, ఒళ్ళు చేసిందంట అన్నాడు.

గడ్డి కేంద్రం వచ్చింది, మా ఆవుకు కాదు గానీ ఊరికి. వానలు పడ్డాక ఎర్రావు అక్కడే అలవాటు పడిందన్నాడు నాయన. తర్వాత ఈనిందన్నాడు. నేను అడగడం మానలేదు. మానితే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోతుంది కదా. నాకు నోటి దురుసు ఎక్కువని ఈ వయసులోనూ పేరే. అయినా ఎవరైనా నాతో అబద్ధమాడితే, కడిగేసే ముందు అది ఎవరి కోసమా అని ఒక్క క్షణం ఆగుతాను. నాయన పోయే ఏడాది కూడా ఎర్రావు దూడల సంగతి అడిగాను. అన్నీ బాగున్నాయమ్మా అన్నాడు.